బర్మింగ్‌హామ్ పబ్బుల్లో మంచి భోజనం ఎలా వెతుక్కోవాలి?

ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు దిగిన రెండు వారాలకే మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఇక్కడ పబ్‌లో తిండి బాగుంటుందంటున్నారు, ఏ పబ్‌కి వెళ్లాలి?" పిల్లల్ని చూసి పోదామని వచ్చిన అమ్మానాన్నల అనుమానం వేరు. "పబ్ అంటే తాగేచోటు కదా బాబూ, అక్కడ భోజనం ఏమిటి?" ఇద్దరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇప్పుడు అంతా ఒక్కచోట రాసిపెడుతున్నాను.

ముందు పెద్దవాళ్ల అనుమానం తీరుస్తాను. హైదరాబాద్‌లో పబ్ అంటే చెవులు దిమ్మెక్కే పాటలు, చీకటి, గేటు దగ్గర బౌన్సర్లు. ఇక్కడి మామూలు పబ్ అలా ఉండదు. రచ్చబండకీ హోటల్‌కీ మధ్యలో ఉండే చోటు అనుకోండి. మధ్యాహ్నం పూట ముసలివాళ్లు టీ తాగుతూ పేపరు చదువుకుంటుంటారు. ఆదివారం మూడు తరాల కుటుంబం ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటుంది. మందు ముట్టకుండా తినేసి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు ప్రశ్న. ఏ పబ్ అని అడిగితే నేను ముందు వంటగది గురించే చెప్తాను. వందేళ్ల బోర్డు, చెక్కపని, రంగుటద్దాలు ఎంత బాగున్నా, వెనకాల వండే మనిషి లేకపోతే ఫ్రీజర్‌లోని సంచి విప్పి నూనెలో వేసి ఇస్తారు. తిండి విషయంలో ఈ ఊరి పబ్బులు నాలుగు రకాలు. వంటగది అసలు లేనివి, వేడి చేసి పెట్టేవి, నిజంగా వండేవి, పంజాబీలు నడిపే, బొగ్గుల మీద కాల్చి పెట్టే దేశీ పబ్బులు. మీరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుపట్టగలిగితే చాలు, నా లిస్టుతో మీకు పని ఉండదు.

కావలసినవి

- మ్యాప్స్ ఉన్న ఫోను, బ్యాంకు కార్డు. చాలాచోట్ల కార్డు తీసుకుంటారు.
- వయసు చూపించే గుర్తింపు. 25 ఏళ్ల లోపు వాళ్లలా కనిపించే ఎవరినైనా, మందు అడిగితే కార్డు చూపించమంటారు. పాస్‌పోర్టు వెంట తిప్పకండి, పోతే పెద్ద టెన్షన్. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ (మన లెర్నర్స్ లైసెన్స్ లాంటిది) తీసుకుని అది జేబులో పెట్టుకోండి.
- మీరు తిననివి ఏవో ముందే ఒక చీటీలో. బీఫ్, పోర్క్, గుడ్డు, పడని గింజలు, ఏవైనా సరే.
- మనిషికి సుమారు 15 నుంచి 20 పౌండ్లు. మెనూలో రాసిన ధరలో పన్ను కలిసే ఉంటుంది, బిల్లులో మళ్లీ వేయరు.

1. ముందు వంటకం తేల్చుకోండి, తర్వాత పబ్ వెతకండి

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. దగ్గర్లో ఉన్న పబ్‌లోకి వెళ్లి, అక్కడ ఉన్న నలభై ఐటెంలలో ఏదో ఒకటి చెప్పేస్తారు. ఒక్కో పబ్‌కి ఒక్కో వంటకంలో మంచి చేయి ఉంటుంది. దానికోసమే వెళ్లాలి.

"పై" (pie, పిండి పొరలో మాంసం లేదా కూర పెట్టి ఓవెన్‌లో కాల్చేది) తినాలనుంటే సిటీ సెంటర్‌లో సెయింట్ ఫిలిప్స్ కెథడ్రల్ ఎదురుగా ఉన్న ఓల్డ్ జాయింట్ స్టాక్‌తో మొదలుపెట్టండి. అది ఒకప్పుడు బ్యాంకు, పేరు కూడా ఆ బ్యాంకుదే. పైన చిన్న నాటకశాల కూడా ఉంది. పాత కట్టడం చూడాలనుంటే డిగ్‌బెత్ వైపు ఓల్డ్ క్రౌన్‌కి వెళ్లండి. 1368 నాటిదని చెప్పుకుంటారు, నల్ల దూలాల ముఖభాగం చూడదగ్గది.

బెన్నెట్స్ హిల్ మీద వెల్లింగ్టన్ కథ వేరు. అక్కడ వంటగది లేదు. బయటి నుంచి భోజనం తెచ్చుకుని తినమంటారు, ప్లేట్లూ ఫోర్కులూ వాళ్లే ఇస్తారు. ఒక డ్రింకు కొనుక్కుంటే చాలు, అది నిమ్మరసం సోడా అయినా సరే. నలుగురు నాలుగు రకాలు తినాలనుకున్నప్పుడు ఇంతకన్నా సుఖమైన చోటు నాకు కనిపించలేదు.

చిన్న ఆకలికి కాబ్ అడగండి. ఇక్కడ గుండ్రటి బన్నుని కాబ్ అంటారు. బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న బ్లాక్ కంట్రీ ప్రాంతపు పాత పబ్బుల్లో చీజ్ అండ్ ఆనియన్ కాబ్ దొరుకుతుంది. వేలు మందాన చీజ్, దాని మీద పచ్చి ఉల్లిపాయ చక్రాలు, అంతే. ఉల్లిపాయ నంజుకోవడం మనకు కొత్తేం కాదు కదా. శాకాహారులకు చవగ్గా కడుపు నింపే వస్తువు.

2. పబ్ తెరిచే వేళ కాదు, వంటగది వేళ చూడండి

నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే. మ్యాప్స్‌లో రాత్రి 11 దాకా తెరిచి ఉంటుందని చూసి తొమ్మిదిన్నరకి వెళ్తారు. "కిచెన్ మూసేశాం" అంటారు. పబ్ తెరిచి ఉండటం వేరు, పొయ్యి వెలుగుతూ ఉండటం వేరు.

మామూలుగా మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర మూడు దాకా, సాయంత్రం ఐదారు నుంచి తొమ్మిది దాకా వండుతారు. మధ్యలో ఆపనివీ ఉంటాయి. చిన్న పబ్బుల్లో సోమవారం, కొన్నిచోట్ల మంగళవారం కూడా వంట ఉండదు. ఒక ఫోన్ చేసి "వాట్ టైమ్ డు యు స్టాప్ సర్వింగ్ ఫుడ్?" అని అడగండి. అర నిమిషం పని.

సండే రోస్ట్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కాల్చిన మాంసం ముక్కలు, ఓవెన్‌లో కాల్చిన బంగాళదుంపలు, గిన్నెలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగ్, కూరగాయలు, పైన గ్రేవీ, ఇదీ ఆ పళ్లెం. ఆదివారం మధ్యాహ్నానికి ఒక్కసారే చేస్తారు, అయిపోతే అయిపోయినట్టే. మొదటి ఏడాది నేను ఆదివారం సాయంత్రం ఆరున్నరకి వెళ్లాను. లేదు అనలేదు, ఇచ్చారు. దుంపలు తోలులా సాగాయి, గ్రేవీ మీద మీగడ కట్టింది. ఆ ఒక్క పూటతో రోస్ట్ అంటే ఇంతే కాబోలు అనుకుని ఏడాదిపాటు మళ్లీ దాని జోలికి పోలేదు. మీరు అలా పోగొట్టుకోకండి. రెండు మూడు రోజుల ముందే బల్ల బుక్ చేసుకుని ఒంటిగంటా రెండింటి మధ్య వెళ్లండి. మార్చి ప్రాంతంలో వచ్చే ఇక్కడి మదర్స్ డే ఆదివారం మాత్రం బుకింగ్ లేకుండా బయల్దేరవద్దు.

బుకింగ్ దొరక్కపోతే కార్వరీకి వెళ్లొచ్చు. వరసలో నిలబడితే మాంసం కోసి పెడతారు, కూరగాయలు మనమే వడ్డించుకోవాలి. టోబీ కార్వరీ అనే చెయిన్ ఇందుకు పేరుపడింది. దాన్ని నడిపే మిచెల్స్ అండ్ బట్లర్స్ కంపెనీ ఈ ఊరిదే. మొదటిసారి రుచి చూసేవాళ్లకి, ఆకలి ఎక్కువున్న కుర్రాళ్లకి బాగుంటుంది. కాకపోతే కూరగాయలు వేడి దీపాల కింద ఉంటాయి కాబట్టి కొత్త ట్రే వచ్చినప్పుడు వడ్డించుకోండి.

3. మెనూని చదవండి, రివ్యూలని వడకట్టండి

వంటగది చిన్నది, వండేది ఇద్దరు ముగ్గురు. అలాంటిచోట మెనూలో పిజ్జా, రామెన్, బిర్యానీ, లసాన్యా, టాకోలు అన్నీ ఉన్నాయంటే అన్నీ తాజాగా వండటం కుదిరే పని కాదు. పది పన్నెండు ఐటెంలున్న మెనూ, సుద్దబోర్డు మీద ఆ రోజు స్పెషల్, అయిపోయిన వంటకం చెరిపేసిన గుర్తు ఉంటే నాకు నమ్మకం కుదురుతుంది.

రివ్యూల్లో నక్షత్రాల లెక్క చూడకండి. గత మూడు నెలలవి మాత్రమే చదవండి. పబ్బుల్లో కుక్ మారితే తిండి మొత్తం మారిపోతుంది. పబ్ తాలూకు ఫొటోలు వదిలేసి, తిన్నవాళ్లు తీసిన ఫొటోలు చూడండి. "న్యూ మేనేజ్‌మెంట్", "న్యూ షెఫ్" అనే మాటలు కనిపిస్తే పాత పొగడ్తలూ తిట్లూ రెండూ పక్కన పెట్టేయండి. నేను ఇక్కడ చెప్పిన పేర్లకి కూడా ఇదే వర్తిస్తుంది. పబ్బులు మూతపడటం, చేతులు మారటం ఇక్కడ మామూలే. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

తలుపు మీద బీరు నాణ్యతకి ఇచ్చిన బిళ్ల ఉంటే అది బీరు గురించే, తిండికి సాక్ష్యం కాదు.

4. శుభ్రత అంకె చూడండి

ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ పథకం కింద ప్రతి వంటగదికీ 0 నుంచి 5 దాకా అంకె ఇస్తారు. తలుపు దగ్గర నలుపు, ఆకుపచ్చ రంగుల స్టిక్కర్ కనిపిస్తుంది. వేల్స్‌లో ఆ స్టిక్కర్ పెట్టడం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో కాదు. అందుకే స్టిక్కర్ లేని చోట ఏజెన్సీ వెబ్‌సైట్‌లో పబ్ పేరు కొట్టి చూడండి. నేను 4కి తక్కువైతే వెళ్లను. ఈ అంకె శుభ్రతకే, రుచికి కాదన్నది మాత్రం మరిచిపోకండి.

5. తిననివి ఎక్కడ దాక్కున్నాయో తెలుసుకోండి

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. బీఫ్ తినని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. స్టేక్ వద్దంటే సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. ఇక్కడి సంప్రదాయ వంటలో గొడ్డు కొవ్వు నూనెలాగా వాడతారు. మెనూలో చాలాసార్లు దాని పేరు కూడా కనపడదు.

- చిప్స్: పాతకాలం పద్ధతి పాటించేచోట బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించిన గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బ్లాక్ కంట్రీ వైపు ఇది ఎక్కువ.
- రోస్ట్ దుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్: పుడ్డింగ్ పిండి, గుడ్లు, పాలతో చేసేదే. కాల్చేటప్పుడు ట్రేలో పోసే కొవ్వు గొడ్డుదీ కావచ్చు, బాతుదీ కావచ్చు.
- గ్రేవీ: చికెన్ రోస్ట్ అడిగినా, అన్నిటికీ కలిపి ఒకటే బీఫ్ గ్రేవీ ఉండొచ్చు.
- కాటేజ్ పై అంటే బీఫ్ ఖీమా, షెపర్డ్స్ పై అంటే గొర్రె ఖీమా. పేర్లు కలగాపులగం చేసే చోట్లూ ఉన్నాయి, అడగండి.
- సూయెట్ అనే మాట పై పిండిలో కనిపించినా, డంప్లింగ్‌లో కనిపించినా అది సాధారణంగా గొడ్డు కొవ్వే.
- సాసేజ్, బ్యాంగర్స్ (సాసేజ్‌కే ఇంకో పేరు), టోడ్ ఇన్ ద హోల్ (పిండిలో పెట్టి కాల్చిన సాసేజ్‌లు): మామూలుగా పోర్క్. ఫాగట్స్ పంది లోపలి భాగాలతో చేసేవి, బ్లాక్ పుడ్డింగ్‌లో రక్తం ఉంటుంది. చికెన్ రోస్ట్ పక్కన పెట్టే స్టఫింగ్‌లో (రొట్టెపొడి ముద్దలో) కూడా పోర్క్ కలిపి ఉండొచ్చు.
- శాకాహారులకి: చిప్స్, చేప ఒకే నూనెలో వేగుతుండొచ్చు. వుస్టర్ సాస్‌లో సాధారణంగా చేప ఉంటుంది.

కాబట్టి "ఈజ్ దిస్ వెజిటేరియన్?" అని అడిగి ఊరుకోకండి. విడివిడిగా అడగండి: చిప్స్ దేనిలో వేయిస్తారు, దుంపలు ఏ కొవ్వులో కాల్చారు, గ్రేవీ దేనితో చేశారు, వెజ్ గ్రేవీ వేరే ఉందా. బార్ దగ్గర ఉన్న కుర్రాడికి తెలియకపోతే "కుడ్ యు చెక్ విత్ ద కిచెన్, ప్లీజ్?" అనండి. లోపలికి వెళ్లి అడిగొస్తారు, విసుక్కోరు. 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం చెప్పటం చట్టప్రకారం వాళ్ల బాధ్యత కూడా. నాకు ఒకసారి వెజ్ రోస్ట్ మీద మాంసం గ్రేవీ పోసి తెచ్చారు. తప్పు వాళ్లదే, కానీ నేను గ్రేవీ గురించి అడగలేదు. అప్పటినుంచి గ్రేవీని పక్కన చిన్న జగ్గులో ఇవ్వమంటాను.

6. ఆర్డర్ ఇచ్చే పద్ధతి

ఎవరో వచ్చి అడుగుతారని కూర్చుంటే చాలా పబ్బుల్లో గంటైనా కూర్చోవాల్సిందే. ఖాళీ బల్ల చూసుకోండి, దాని మీది అంకె గుర్తుపెట్టుకోండి, బార్ దగ్గరికి వెళ్లి అంకె చెప్పి ఆర్డర్ ఇచ్చి అక్కడే డబ్బు కట్టేయండి. బార్ దగ్గర క్యూ కనపడదు గానీ ఎవరు ముందొచ్చారో అందరికీ తెలుసు. చేతులు ఊపకండి, కళ్లు కలిస్తే చాలు. కొన్ని చెయిన్ పబ్బుల్లో ఫోన్ యాప్‌లోనే ఆర్డర్ పెట్టేయొచ్చు.

మంచినీళ్లు అడగటానికి మొహమాటపడకండి. మద్యం లైసెన్సు ఉన్నచోట అక్కడే తాగే కస్టమర్ అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది ఇంగ్లండ్‌లో లైసెన్సు షరతు. బార్ దగ్గర ఆర్డర్ ఇస్తే టిప్పు ఆశించరు. బల్ల దగ్గరికే వచ్చి వడ్డించేచోట సర్వీస్ చార్జ్ కలిపారేమో బిల్లు చూడండి.

7. ట్రామ్ ఎక్కి దేశీ పబ్‌కి వెళ్లండి

ఈ ఊళ్లో పబ్ భోజనం గురించి ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెప్తాను. హ్యాండ్స్‌వర్త్, స్మెథిక్, వెస్ట్ బ్రోమ్‌విచ్ వైపు పంజాబీలు నడిపే పబ్బులున్నాయి. బయటి నుంచి మామూలు ఇంగ్లీషు పబ్‌లాగే ఉంటుంది. లోపల ఒక పక్క బీరు కుళాయిలు, ఇంకో పక్క కాలుతున్న సీక్ కబాబ్ వాసన.

ఇవి ఊరికే పుట్టలేదు. 1950లు, 60లలో పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి ఫౌండ్రీల్లో ఇనుము కరిగించే పని చేశారు. పని దిగి పబ్‌కి వెళ్తే, చాలాచోట్ల రంగు చూసి లోపలి గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దీనిమీద పోరాడింది. వాళ్లు పిలిస్తే అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ 1965 ఫిబ్రవరి 12న స్మెథిక్ వచ్చాడు, మార్షల్ స్ట్రీట్‌లో నడిచాడు, వివక్ష పాటిస్తున్న ఒక పబ్‌కి కూడా వెళ్లాడు. తొమ్మిది రోజులకి న్యూయార్క్‌లో హత్యకి గురయ్యాడు. అదే ఏడాది వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం పబ్బుల్లాంటి చోట్ల వివక్షని నేరుగా నిషేధించింది. తర్వాత కాలంలో పంజాబీలే పబ్బులు తీసుకుని నడపటం మొదలుపెట్టారు. వెస్ట్ బ్రోమ్‌విచ్‌లో రెడ్ లయన్ అనే పబ్ రంగుటద్దాల్లో ఈ వలస కథ బొమ్మలుగా ఉంటుంది. అక్కడ కూర్చుని తింటుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎలా వెళ్లాలంటే, సిటీ సెంటర్‌లో వెస్ట్ మిడ్లండ్స్ మెట్రో ట్రామ్ ఎక్కి ద హాథార్న్స్ స్టాపులో దిగండి. అక్కడికి నడిచే దూరంలోనే రోబక్ స్ట్రీట్ మీద ద వైన్ ఉంది. హ్యాండ్స్‌వర్త్ వైపు అయితే గ్రోవ్ లేన్ మీద ద గ్రోవ్. ఒక హెచ్చరిక: హాథార్న్స్ అంటే వెస్ట్ బ్రోమ్‌విచ్ ఆల్బియన్ ఫుట్‌బాల్ స్టేడియం. వాళ్ల సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న రోజు ఆ చుట్టుపక్కల నిలబడటానికి చోటుండదు. ముందే మ్యాచ్ తేదీలు చూసుకోండి.

ఏం అడగాలి? మొదటిసారి మిక్స్‌డ్ గ్రిల్. బుసలు కొట్టే ఇనుప పెనం మీద చికెన్ టిక్కా, రెక్కలు, సీక్ కబాబ్, కొన్నిచోట్ల లాంబ్ చాప్స్, అడుగున మగ్గిన ఉల్లిపాయలు, పిండుకోవడానికి నిమ్మచెక్క. దాంతో ఫిష్ పకోడా, నాన్. శాకాహారులకి చిల్లీ పనీర్, పనీర్ టిక్కా. పెనం సైజు తప్పక అడగండి. చిన్నది అన్నదే ఇద్దరికి సరిపోవచ్చు. నలుగురు వెళ్లి నాలుగు చెప్పి, సగం పొట్లాలు కట్టించుకొచ్చిన బ్యాచ్‌లు నాకు తెలుసు.

రుచి పంజాబీది. గుంటూరు కారం ఆశించకండి, పప్పుచారు అడగకండి. ఘాటు కావాలంటే పచ్చిమిర్చి పక్కన ఇవ్వమనండి, ఇస్తారు. కూర తీసుకుంటే ఎముక ఉన్న చికెన్ అడగండి, ఎముక లేనిదానికన్నా రసం చిక్కగా దిగుతుంది. సీక్ కబాబ్ ఏ మాంసమో అడగటం మానకండి. ముస్లిం స్నేహితులతో వెళ్తుంటే హలాల్ అవునా కాదా విడిగా అడగాలి. నడిపేవాళ్లు సిక్కులైతే హలాల్ మాంసం వాడకపోవచ్చు. ఇండియన్ కాబట్టి ఉంటుందిలే అనుకుని ఇబ్బందిపడినవాళ్లు ఉన్నారు.

బాల్టీ కోసం వచ్చామనేవాళ్లకి ఒక మాట. 1970లలో ఈ ఊళ్లో పుట్టిన బాల్టీ, పల్చటి ఉక్కు గిన్నెలో పెద్దమంట మీద వండి అదే గిన్నెలో వడ్డించే కూర. దానికి లేడీపూల్ రోడ్డు, స్టోనీ లేన్ వైపున్న బాల్టీ ట్రయాంగిల్ హోటళ్లే సరైన చోటు. మామూలు పబ్ మెనూలో బాల్టీ అని కనిపించేది ఎక్కువగా పేరుకే.

8. పళ్లెం వచ్చాక ఇలా చూసుకోండి

- పై: అడుగున, పక్కల, పైన అంతటా పిండి పొర ఉండాలి. గిన్నెలో కూర పోసి పైన ఒక పొంగిన రేకు పెట్టి ఇస్తే అది మూతపెట్టిన కూర.
- చేప: ఫోర్కు తగిలితే పైపొర కరకరమనాలి, లోపల చేప రేకులుగా విడిపోవాలి. పైపొరకీ చేపకీ మధ్య తెల్లటి పచ్చిపిండి ఉంటే నూనె సరిగా కాగలేదు.
- చిప్స్: సైజులు ఎగుడుదిగుడుగా ఉంటే చేత్తో కోసినవి అయ్యే అవకాశం ఎక్కువ. అన్నీ ఒకే కొలతతో ఉంటే సంచిలోవి కావచ్చు.
- రోస్ట్: దుంప అంచులు గరుగ్గా, లోపల మెత్తగా ఉండాలి. పుడ్డింగ్ మధ్యలో బోలుగా పొంగాలి.
- మిక్స్‌డ్ గ్రిల్: ఆర్డర్ ఇచ్చాక ఇరవై నిమిషాలైనా పట్టాలి. ఐదు నిమిషాల్లో వస్తే ముందే కాల్చి ఉంచింది. చికెన్ పెద్ద ముక్క మధ్యలో కోసి చూడండి, గులాబీ రంగు ఉంటే తినకండి.

తేడా ఉంటే రెండు ముద్దల్లోనే చెప్పండి. మనవాళ్లు మొహమాటంతో ప్లేటు ఖాళీ చేసి, ఇంటికొచ్చి ఒక్క నక్షత్రం ఇస్తారు. వడ్డించినవాళ్లు సాధారణంగా వచ్చి "ఈజ్ ఎవ్రిథింగ్ ఆల్‌రైట్?" అని అడుగుతారు. అప్పుడే నెమ్మదిగా చెప్తే మారుస్తారు, లేదా డబ్బు వెనక్కిస్తారు. తినేశాక చెప్తే వాళ్లకి చూడటానికి ఏమీ మిగలదు.

పిల్లలతో వెళ్తుంటే

చాలా పబ్బులు పిల్లల్ని రానిస్తాయి, కానీ రాత్రి ఇన్ని గంటల దాకా అని ఒక్కోచోట ఒక్కో నియమం. ఫోన్‌లోనే అడగండి. మధ్యాహ్నం వెళ్లటం ఉత్తమం. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు కిటికీ పక్క బల్ల అడగండి. ముందు ఒక కుండ టీ చెప్పి, అది తాగేలోపు మెనూ తెలుగులో చదివి వినిపించండి. నాన్నగారికి ఏం కావాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి.